ఆపరేషన్ అయి 6 వారాలైనా వేళ్లు మొద్దుబారే ఉంటే
మీ అమ్మగారికి కార్పల్ టన్నెల్ సర్జరీ (మణికట్టు దగ్గర నొక్కుకుపోయిన నరాన్ని వదులు చేసే ఆపరేషన్) అయి 6 వారాలైనా వేళ్లు మొద్దుబారే ఉన్నాయని అడిగారు. రాత్రి నిద్ర లేపే తిమ్మిర్లు తగ్గాయన్నారు కదా, అంటే నరం మీద ఒత్తిడి పోయినట్టే. వేళ్ల మొద్దుదనం వేరే లెక్క. మైల్డ్ కేసుల్లో నరం పైపొరే దెబ్బతింటుంది, వారాల్లో తేడా తెలుస్తుంది. నరాల పరీక్ష రిపోర్టులో ‘సివియర్’ (తీవ్రం) అని ఉందంటే లోపలి పోగులు కూడా పోయి ఉంటాయి. అవి రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున వేలి కొసదాకా పెరగాలి. నెలలు పడుతుంది, ఏడాది దాకా చూడాల్సిందే. బొటనవేలి మొదట్లో తగ్గిపోయిన కండ మాత్రం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. అప్పటిదాకా స్పర్శ లేని వేళ్లతో వేడి గిన్నెలు పట్టుకోనివ్వకండి, కాలినా తెలియదు. షుగర్ ఉన్నా, బి12 తక్కువైనా నరాలు మొద్దుబారతాయి కాబట్టి ఆ పరీక్షలు కూడా చేయించండి. రాత్రి తిమ్మిర్లు మళ్లీ మొదలైనా, చేతి పట్టు ఇంకా తగ్గినా ఆగకుండా సర్జన్‌కు చూపించండి.