చర్మం బయాప్సీలు చదివే పశువైద్యురాలికి ఉద్యోగాలున్నాయా?

ప్రశ్న: మా అమ్మాయి తిరుపతిలో బీవీఎస్సీ పూర్తిచేసి ఇంటర్న్‌షిప్‌లో ఉంది. క్లినిక్ పెట్టుకోమంటే వినడం లేదు. పాథాలజీలో (రోగనిర్ధారణ శాస్త్రంలో) ఎంవీఎస్సీ అనే పీజీ చేసి, బొచ్చు ఊడిపోయే కుక్కల చర్మం బయాప్సీలు, అంటే పరీక్ష కోసం తీసిన చర్మపు ముక్కలు, మైక్రోస్కోపులో చదువుతానంటోంది. దీనితో బతుకుతెరువు ఉంటుందా? – ఒక తండ్రి

జవాబు: ఉంటుందండీ. అయితే కుక్క చర్మం ఒక్కటే చూసే ఉద్యోగాలు మన దగ్గర అరుదు. పాథాలజీ పట్టాతో పశువైద్య కళాశాలల్లో బోధన, రోగనిర్ధారణ ల్యాబులు, మందుల భద్రతా పరీక్షలు చేసే సంస్థలు ఆమెకు అందుబాటులో ఉంటాయి. ఈ చివరి రకం సంస్థలు హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. చర్మాన్ని అందులో తన ప్రత్యేకతగా పెంచుకోవాలి.

ఆమెను ఆకర్షించిన పని నిజంగా గొప్పది. బొచ్చు ఊడిన కుక్కలు చాలావరకు పైకి ఒకేలా ఉంటాయి. రోమకూపంలో డెమోడెక్స్ అనే సూక్ష్మ పురుగులు ఉన్నాయా, చీము కణాలు నిండాయా, ఫంగస్‌ను చూపే పాస్ (PAS) అనే రంగు వేస్తే వెంట్రుకలో ఫంగస్ పోగులు బయటపడ్డాయా అన్నది స్లైడు చెబుతుంది. బూడిద రంగు డోబర్‌మన్‌లో రంగునిచ్చే మెలనిన్ ముద్దలు కట్టి ఉంటే అది వంశపారంపర్యంగా వచ్చిన లోపం కావచ్చు. కూపాలన్నీ విశ్రాంతి దశలో ఆగిపోతే హార్మోన్లను అనుమానించాలి. అసలు చిక్కు ఇక్కడే. థైరాయిడ్ లోపం, కార్టిసాల్ హార్మోన్ ఎక్కువైతే వచ్చే కుషింగ్స్, పొమరేనియన్లలో వచ్చే అలోపీసియా ఎక్స్ (కారణం స్పష్టంగా తెలియని బొచ్చు రాలుడు) స్లైడు మీద చాలా దగ్గరగా కనిపిస్తాయి. కుక్క వయసు, జాతి, రక్తపరీక్షలు, వాడిన మందులు తెలియకుండా ఎంతటి నిపుణులైనా తేల్చి చెప్పడం కష్టం.

అందుకే క్లినిక్‌ను ఇప్పుడే వదిలేయవద్దని ఆమెకు గట్టిగా చెప్పండి. ఇంటర్న్‌షిప్ ముగిసేలోగా చర్మవ్యాధుల ఓపీలో వీలైనన్ని రోజులు గడపాలి. చాలా డెమోడెక్స్ కేసులు లోతుగా గీకి చూస్తేనే దొరికిపోతాయి, బయాప్సీ దాకా వెళ్లనక్కర్లేదు. అవసరమైన చోట నమూనా తానే తీయాలి. చర్మాన్ని రుద్ది కడిగితే పైపొరలోని ఆధారాలు పోతాయి కాబట్టి వెంట్రుకలు మెల్లగా కత్తిరించి, మత్తు సూది ఇచ్చి, 6 లేదా 8 మిల్లీమీటర్ల పంచ్‌తో (గుండ్రంగా కోసే పరికరంతో) తీస్తారు. బాగా ఊడిన చోటు, అంచు, ఆరోగ్యంగా ఉన్న చోటు, మూడింటి నుంచీ తీసి, ముక్క పాడవకుండా 10 శాతం ఫార్మలిన్ ద్రావణంలో వేయాలి. ఆ కుక్కల స్లైడులే తర్వాత పాథాలజీ విభాగంలో కూర్చుని చూస్తే రెండు వైపులా పట్టు వస్తుంది.

పీజీ సీటు కోసం ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) ప్రవేశ పరీక్షకు ఇప్పటి నుంచే చదవమనండి. ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్‌లో ఉన్న భారత పశువైద్య పరిశోధన సంస్థ ఐవీఆర్ఐని కూడా లక్ష్యంగా పెట్టుకోవచ్చు.