ముస్తఫా ఆడటానికి గేమింగ్ పీసీ ఎందుకురా

చిరంజీవి చిన్నాకు,

మావయ్య ఆశీస్సులు. పాత వీడియో గేములు ఆడుకోవడానికి 15,000 రూపాయల్లో గేమింగ్ కంప్యూటర్ ఏదొస్తుందని అడిగావు. నువ్వు పంపిన ఫొటోలో రంగురంగుల లైట్లు వెలుగుతున్న క్యాబినెట్ చూశాను. దాని జోలికి వెళ్లకు. ఆ లైట్ల ఖర్చు లోపలి ప్రాసెసర్‌లోనే కోసి ఉంటారు.

ముందు ఏ ఆటలు ఆడాలో తేల్చుకో. క్యాసెట్ గేముల మారియో, కాంట్రా అయితే మీ ఇంట్లో మూలపడున్న ల్యాప్‌టాప్ చాలు, పైసా ఖర్చు పెట్టకు. మేమంతా ‘ముస్తఫా’ అని పిలిచిన ఆట కూడా దాని మీదే నడుస్తుంది. అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్, 1993లో క్యాప్‌కామ్ వాళ్లది. పాలకిచ్చిన చిల్లర వీడియో గేమ్ షాపులోని ఆ ఆట మెషీన్‌లో వేసేసి అమ్మమ్మ చేత తిన్న తిట్లు ఇంకా గుర్తే. ప్లేస్టేషన్ 1, పీఎస్‌పీ కూడా పెద్ద బరువు కాదు. ప్లేస్టేషన్ 2 (పీఎస్2), నింటెండో వాళ్ల గేమ్‌క్యూబ్ ఆటలు కావాలంటేనే మెషీన్ వెతకాలి.

అక్కడే చాలామంది బోల్తా పడతారు. ‘పన్నెండు కోర్ల జియాన్, చవక’ అని ఊరిస్తారు. జియాన్ అంటే సర్వర్ల కోసం చేసిన ఇంటెల్ ప్రాసెసర్, కోరు అంటే ప్రాసెసర్ లోపల పనిచేసే ఒక్కో బుర్ర. పాత ఆటల్ని కంప్యూటర్‌లో ఆడించే ప్రోగ్రామ్‌ని ఎమ్యులేటర్ అంటారు. దాని పని పాత మెషీన్‌లోని చిప్పులన్నీ అడుగులో అడుగు వేసినట్టు నటించడం. ఆ పనిని పన్నెండు మందికి పంచలేం. ఒక్క కోరు ఎంత వేగంగా పరిగెడుతుందన్నదే లెక్క.

ఆఫీసులు వాడి వదిలేసిన చిన్న డబ్బాలు చూడు: డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ, లెనోవో థింక్‌సెంటర్ టైనీ. ఇంటెల్ ఎనిమిదో తరం ఐ5 ప్రాసెసర్ ఉన్నది దొరికితే వదలకు, విండోస్ 11 కూడా ఎక్కుతుంది. పీఎస్2 ఆటలు చాలావరకు ఆడుకోవచ్చు, పీఎస్3 మాత్రం ఆశపడకు. ర్యామ్ 8 జీబీ ఒకే ముక్కగా కాకుండా 4, 4గా రెండు పెట్టించు. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉండదు కాబట్టి బొమ్మ పని కూడా ఆ ర్యామ్ మీదే పడుతుంది, రెండు ముక్కలైతే ఆ పని త్వరగా సాగుతుంది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌కి వెళ్లేటప్పుడు బటోసెరా (పాత ఆటల కోసం చేసిన ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించిన పెన్ డ్రైవ్ జేబులో పెట్టుకో. అది పెన్ డ్రైవ్ మీద నుంచే బూట్ అవుతుంది, లోపలి విండోస్‌ని ముట్టుకోదు. షాపులోనే ఆన్ చేయించి చూడు. బయోస్ (విండోస్ కంటే ముందే వచ్చే మెషీన్ సొంత సెట్టింగుల స్క్రీన్) పాస్‌వర్డ్ అడిగితే డబ్బా అక్కడే పెట్టి వచ్చెయ్. పాత ఆఫీసు వాళ్ల తాళం అది, షాపువాడి దగ్గర కూడా ఉండదు.

అడాప్టర్ ఒరిజినల్‌దేనా అని కూడా చూడు. నేను కొన్న డబ్బాకి షాపువాడు డూప్లికేట్ అంటగట్టాడు. స్టార్ట్ అయ్యేటప్పుడు ఏదో వార్నింగ్ వస్తే ఎంటర్ కొట్టి వదిలేశాను. ఆట నత్తనడక. రెండు వారాలు సెట్టింగులన్నీ కెలికాను. చివరికి తేలిందేంటంటే, తనది కాని అడాప్టర్ తగిలిస్తే ఆ మెషీన్ కావాలనే స్పీడు తగ్గించుకుంటుంది. ఒరిజినల్ పెట్టగానే లేచి పరిగెత్తింది.

ఈ డబ్బాల్లో కొన్నింటికి డిస్‌ప్లేపోర్ట్ అనే మానిటర్ సాకెట్ మాత్రమే ఉంటుంది, టీవీకి తగిలించడానికి హెచ్‌డీఎంఐ కన్వర్టర్ అక్కడే కొనుక్కో. ఇంటికొచ్చాక టీవీలో గేమ్ మోడ్ పెట్టు. అది తెలియక నా మారియో ప్రతిసారీ గుంతలోనే పడేవాడు. వయసైపోయి చెయ్యి మందగించిందనుకుని నాలుగు రోజులు దిగులుపడ్డాను. తీరా చూస్తే టీవీ బొమ్మని ముస్తాబు చేసి చూపించేసరికి ఆలస్యమైపోతోంది. బొమ్మని స్క్రీనంతా సాగదీయకు, పాత టీవీల ఆకారమైన 4:3లోనే ఉంచు. లేకపోతే మారియో లడ్డూలా అవుతాడు.

గేమ్ ఫైళ్లు కనపడిన ప్రతి సైటు నుంచీ దించకు, వాటికి కాపీరైట్ ఉంటుంది. మన అటకమీద పీఎస్1, పీఎస్2 డిస్కులు ఓ పెట్టెడున్నాయి, వాటి నుంచే తీసుకుందాం. డీవీడీ డ్రైవ్ నేను తెస్తాను.

డబ్బులిచ్చే ముందు బయోస్ స్క్రీన్ ఫొటో తీసి పంపు. కంట్రోలర్లు రెండు కొను, రెండోది నాది.

మీ మావయ్య