మూడో వారంలో ఆగిపోతున్న వ్యాయామం.. లోపం ఎక్కడుంది?

ప్రశ్న: నా వయసు 42. రోజంతా కూర్చుని చేసే ఉద్యోగం. తెల్లవారుజామున 5కే లేచి గంటసేపు వ్యాయామం, 20 నిమిషాలు ధ్యానం, తీపి బంద్.. ఇలా ఈ ఏడాది మూడుసార్లు మొదలుపెట్టాను. ప్రతిసారీ మూడో వారానికి ఆగిపోతోంది. రాత్రి పడుకునేసరికి 11:30 అవుతుంది. ఈ మధ్య చూపించుకుంటే బీపీ 134/86 ఉంది, మందులేమీ వాడటం లేదు. నాకు పట్టుదల లేదంటారా?

జవాబు: పట్టుదల లేనివారు మూడోసారి మొదలుపెట్టరు. మీకు లెక్క తప్పుతోందంతే. 11:30కి పడుకుని 5కి లేస్తే దక్కే నిద్ర ఐదున్నర గంటలు. పెద్దలకు కనీసం 7 గంటలు కావాలి. రోజుకు గంటన్నర చొప్పున ఐదు రోజుల్లో ఒక రాత్రి నిద్ర మొత్తం బాకీ పడుతున్నారు. నిద్ర చాలకపోతే ఆకలి పెరుగుతుంది, నాలుక తీపి మీదికే పోతుంది. వ్యాయామం, తీపి మానడం రెండూ ఒకేసారి చెడటానికి అదే కారణం కావచ్చు.

కాబట్టి ముందు నిద్ర సంగతి చూడండి. ప్రస్తుతానికి 6:30కే లేవండి, సెలవు రోజైనా అదే వేళకు. ఇంకా ముందు లేవాలనుంటే, ముందుగా పడుకునే వేళను నాలుగైదు రోజులకోసారి 15 నిమిషాలు వెనక్కి (11:15, 11:00 ఇలా) జరపండి. సాయంత్రం 5కి తాగిన కాఫీలోని కెఫీన్ రాత్రి 10 గంటలకు కూడా సుమారు సగం ఒంట్లోనే ఉంటుంది. ఆ కప్పు మధ్యాహ్నం లోపే తాగేయండి.

ఇక నడక. మొదటి రెండు వారాలు రోజుకు 10 నిమిషాలు చాలు. ‘వీలున్నప్పుడు’ అనుకుంటే ఆ వీలు ఎప్పటికీ దొరకదు. మధ్యాహ్నం భోజనం చేసి చేయి కడుక్కోగానే చెప్పులేసుకోండి. తర్వాత వారానికి 5 నిమిషాలు పెంచుతూ పోతే ఆరో వారానికి 30 నిమిషాలవుతుంది. వారానికి ఐదు రోజులు నడిస్తే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన కనీసం 150 నిమిషాలు పూర్తయినట్టే. వేగం సంగతంటారా, మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి. మొదటి రోజే గంటసేపు చేస్తే కండరాలు తట్టుకున్నా, వాటిని ఎముకకు కలిపే టెండన్లు అంత త్వరగా గట్టిపడవు. మడమ, మోకాలు నొప్పులు మొదలయ్యేది అక్కడే.

వారానికి రెండు రోజులు కండరాలకూ పని పెట్టాలి. దానికి ఒక కుర్చీ చాలు. కుర్చీని గోడకు ఆనించి, ముందు అంచున కూర్చోండి. పాదాలు తుంటి వెడల్పున పెట్టి, కాస్త ముందుకు వంగి, చేతుల ఆసరా లేకుండా లేవండి. కూర్చునేటప్పుడు మూడు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగండి. 8 సార్లు చేసి, రెండు నిమిషాలు ఆగి, మళ్లీ 8 సార్లు. చాలామంది చివర్లో ధబేలున కూలబడతారు, అప్పుడు సగం లాభం పోయినట్టే. మోకాళ్లు లోపలికి వాలనివ్వకండి. లేచేటప్పుడు ఊపిరి వదలండి. బిగబడితే ఆ క్షణంలో బీపీ పెరుగుతుంది. మర్నాడు తొడలు పట్టేసినట్టుంటే ఫర్వాలేదు. కీలు లోపల నొప్పి మర్నాటికీ తగ్గకపోతే సంఖ్య తగ్గించండి.

ధ్యానం 20 నిమిషాలు అక్కర్లేదు. 4 అంకెలు లోపలికి, 6 అంకెలు బయటికి శ్వాస తీసుకుంటే 30 శ్వాసలకు 5 నిమిషాలు. పడుకునే ముందు అది చాలు.

ఓపిక లేని రోజు వస్తుంది. దానికి ముందే చిన్న కొలత పెట్టుకోండి: రెండు నిమిషాల నడక, లేదా కుర్చీలోంచి 5 సార్లు లేవడం. అదీ కుదరకపోతే ఊరుకోండి, మర్నాడు మామూలు కొలతే చేయండి. నిన్నటిది కూడా కలిపి లాగిస్తేనే ఒళ్లు పట్టేసి మూడు రోజులు పోతాయి. 21 రోజుల్లో అలవాటైపోతుందన్న మాట నమ్మొద్దు. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 96 మందిని 12 వారాలు గమనిస్తే, అలవాటు కుదరడానికి పట్టే కాలం మధ్యస్థంగా 66 రోజులని తేలింది. మనిషిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉండొచ్చని వారి అంచనా. ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్దగా నష్టం కనిపించలేదు. మీరు ఆపేస్తున్నది సరిగ్గా 21 దగ్గరే!

బీపీని ఇంట్లో ఏడు రోజులు చూసుకోండి. ఐదు నిమిషాలు మౌనంగా, వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా కూర్చున్నాక ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, నిమిషం తేడాతో కొలవాలి. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు తీయండి. అందులో పై అంకె 135 గానీ, కింది అంకె 85 గానీ, అంతకు మించి గానీ ఉంటే ఆ కాగితంతో డాక్టర్‌ను కలవండి. నడకలో ఛాతీ బిగపట్టినట్టున్నా, కళ్లు తిరిగినా వెంటనే ఆపేయండి. కూర్చున్నాక కూడా తగ్గకపోతే ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి, తగ్గినా మళ్లీ నడక మొదలుపెట్టేముందు ఈసీజీ తీయించుకోవాలి.