వారంటీ ఉన్నా డీలర్ రిపేర్ చేయనంటే ఏం చేయాలి?
కొత్త కారు గేర్‌బాక్స్‌లో శబ్దం వస్తుంటే డీలర్ "అది మామూలే, వారంటీలోకి రాదు" అంటున్నాడని అడిగారు.

సాధారణంగా కొత్త కారు వారంటీ ఇచ్చేది డీలర్ కాదు, తయారుచేసిన కంపెనీ. డీలర్ రిపేర్ చేసి, ఆ ఖర్చు కంపెనీ దగ్గర క్లెయిమ్ చేసుకుంటాడు. క్లెయిమ్ తిరస్కరిస్తే నష్టం తనమీదే పడొచ్చు కాబట్టి, అనుమానం ఉన్న కేసుల్లో ముందే చేతులెత్తేస్తాడు.

అందుకే నోటిమాటతో వాదించి లాభం లేదు. వెళ్లిన ప్రతిసారీ జాబ్ కార్డు (బండి సమస్యను సర్వీస్ సెంటర్ వాళ్లు రాసిచ్చే కాగితం) రాయించుకోండి. "సమస్య చూడాలి" అని కాదు, "ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రెండో గేరులో శబ్దం" అని వివరంగా ఉండాలి. తేదీ, కిలోమీటర్ల రీడింగ్ తప్పనిసరి. వారంటీ గడువు దాటాక పేచీ వస్తే, గడువు లోపలే ఫిర్యాదు చేశారని చెప్పేది ఆ కాగితమే. వచ్చిపోయే శబ్దమైతే వీడియో తీసిపెట్టుకోండి. మెకానిక్ ఎక్కగానే అది మాయమవుతుంది, అదేం విచిత్రమో!

కుదరదంటే ఏ నిబంధన ప్రకారమో రాసిమ్మనండి. చాలాసార్లు అక్కడే స్వరం మారుతుంది. అయినా కదలకపోతే జాబ్ కార్డులు జతచేసి కంపెనీకే మెయిల్ పెట్టండి, లేదా అదే కంపెనీ మరో ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌లో చూపించండి.

బ్రేక్ ప్యాడ్లు, వైపర్ల అరుగుదలకు మాత్రం మామూలుగా వారంటీ ఉండదు. సర్వీసులు ఎగ్గొట్టి ఉంటే మీ వాదనకీ బలం తగ్గుతుంది.