కోతకు ముందు ఒక మాట

చిన్నోడా,

బాప్తిస్మం తీసుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. బైబిలు వాక్యం ప్రకారం బతకాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో పెదనాన్నని అడగమన్నావట. మూడెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేశావుగా, అక్కడే మొదలుపెట్టు.

నాకు ఈ సంగతి తెలిసొచ్చేసరికి నలభై దాటాయి. ఆ ఏడు కాపు బాగా వచ్చింది. కర్నూలు వైపు నుంచి కోతకు వచ్చినవాళ్లకు నాలుగు రోజుల కూలి ఇవ్వకుండా ఆపాను. డబ్బు లేక కాదు, యార్డులో సరుకు అమ్మాక అందరికీ ఒకేసారి ఇద్దామని. ఆదివారం మాత్రం మందిరంలో కృతజ్ఞత కానుక వేశాను, కవరు మీద పేరు రాసి మరీ. ఆ సాయంత్రం ఒకామె గేటు దగ్గరకొచ్చి, పిల్లాడికి జ్వరం, డబ్బులు కావాలంది. కాయల మంటకు వేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకుని ఉంది. "రేపు రామ్మా" అన్నాను.

రాత్రి కుటుంబ ప్రార్థనలో మా అమ్మాయి సామెతల గ్రంథం మూడో అధ్యాయం చదువుతోంది. ఇరవై ఎనిమిదో వచనం. డబ్బు దగ్గర పెట్టుకుని పొరుగువాడితో రేపు రా, ఇస్తాను అనొద్దని. పిల్ల అక్కడ ఆగి నా వంక చూసింది. గేటు దగ్గర మాట విన్నట్టుంది. "ఊఁ, చదువు" అన్నాను. ముగింపు ప్రార్థన కూడా నేనే చేశాను. అన్నం మాత్రం సహించలేదు. బీరువాలో డబ్బు తీసి, టార్చిలైటు పట్టుకుని వాళ్ల గుడిసెల దగ్గరకు పోయాను. ఆమె రెండుసార్లు లెక్కపెట్టుకుని కొంగున ముడేసుకుంది. దండం పెడుతుందేమో అనుకున్నాను, పెట్టలేదు. ఎందుకు పెట్టాలి, ఆమె డబ్బే కదా.

రోజుకు మూడు అధ్యాయాలు పూర్తి చేయాలని టెన్షన్ పడకు. ఏ వచనాన్ని గబగబా దాటేద్దామనిపిస్తుందో అక్కడ ఆగు. చేయాల్సింది ఆ రోజే చెయ్యి. కూలివాడి కూలి తెల్లారేదాకా ఉంచుకోవద్దని లేవీయకాండం 19లో ఉంది. పొద్దు గూకకముందే ఇమ్మని ద్వితీయోపదేశకాండం 24లో ఉంది. బిగబట్టిన కూలి మొరపెడుతోందని యాకోబు తన పత్రికలో రాశాడు. ఇన్నిసార్లు చెప్పాల్సి వచ్చిందంటే మనలాంటివాళ్లు అప్పుడూ ఉన్నారన్నమాట.

ఇలా చేస్తే పాపం నుంచి రక్షణ వస్తుందని కాదు, అది దేవుడు ఊరికే ఇచ్చే కృప. ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయం చూడు. మంచి పనులు చేయడానికే దేవుడు మనల్ని చేశాడనే పదో వచనం కూడా చదువు, చాలామంది తొమ్మిదితో ఆపేస్తారు.

భార్యలు లోబడాలన్న వచనం మీ ఆవిడకు చదివి వినిపించే పని పెట్టుకోకు. భర్తలు భార్యల్ని ప్రేమించాలన్న నీ వచనం దాని కిందే ఉంది.

గట్టు తగాదాలో మీ బావతో మాటలు మానేశావని విన్నాను. కానుక బలిపీఠం దగ్గరే వదిలి ముందు సహోదరుడితో సమాధానపడమని మత్తయి ఐదులో ఉంది. దీనికి తేలిక దారి నాకూ దొరకలేదు. మా తోడల్లుడి ఇంటికి వెళ్లడానికి నాకు రెండేళ్లు పట్టింది. వెళ్తే కాఫీ ఇచ్చాడు గాని మాట్లాడలేదు. మళ్లీ వెళ్లాను.

కోతలు మొదలయ్యేలోపు బ్యాంకులో వంద, యాభై నోట్లు తెచ్చిపెట్టుకో. ఫోన్లో వేస్తానంటే చాలామంది ఆడవాళ్ల డబ్బు మొగుడి ఖాతాకే పోతుంది. చేతికే ఇవ్వు, గట్టు మీదే, వాళ్లు ఆటో ఎక్కకముందు.

మీ పెదనాన్న