మీ హీరో చేతిలో ఉన్న బాసే మీకూ కావాలా?

ప్రశ్న: కొంతకాలంగా బాస్ గిటార్ వాయిస్తున్నాను. నా దగ్గర ఉన్నది ఫెండర్ కంపెనీ ప్రెసిషన్ మోడల్ తరహా నాలుగు తీగల బాస్. ఫ్రెట్‌లెస్ బాస్‌కి పేరుమోసిన జాకో పాస్టోరియస్‌ని విన్నప్పటి నుంచి నా బాస్ శబ్దం నాకే చప్పగా అనిపిస్తోంది. ఇది అమ్మేసి ఫ్రెట్‌లెస్, అంటే నెక్ మీద ఫ్రెట్లనే లోహపు అడ్డపట్టీలు లేని, ఫెండర్ జాజ్ బాస్ కొనాలని ఉంది. హీరోని చూసి గిటార్ కొనడం చిన్నపిల్లల పని అని మా బ్యాండ్ వాళ్లు అంటున్నారు. నిజమేనా?

జవాబు: వాళ్ల మాటకు చిన్నబుచ్చుకోకండి. బాస్ వాయించేవాళ్లలో ఎవరో ఒకరి మీద మనసు పారేసుకోకుండా గిటార్ కొన్నవాళ్లు అరుదు, పేరున్నవాళ్లు కూడా దీనికి మినహాయింపు కాదు. రష్ బ్యాండ్ గెడ్డీ లీ రికెన్‌బాకర్ 4001 పట్టడానికి కారణం యెస్ బ్యాండ్‌లో క్రిస్ స్క్వైర్ వాయించిన తీరు మీద ఆయనకున్న పిచ్చి ఇష్టమే. తర్వాత అదే గెడ్డీ లీ ఒక తాకట్టు దుకాణంలో 200 డాలర్లకు దొరికిన 1972 నాటి జాజ్ బాస్‌కి మారారు, ఇప్పుడు ఆ బాస్‌కే ఆయన పేరుతో ఫెండర్ మోడల్ ఉంది, దాన్ని ఆయన అభిమానులు కొంటున్నారు. కాబట్టి ఇష్టం దగ్గర మొదలవడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

కానీ అమ్మేముందు ఒక్క విషయం తేల్చుకోండి. జాకోలో మీకు నచ్చినదాంట్లో గిటార్ వాటా ఎంత, తీగల వాటా ఎంత, వేళ్ల వాటా ఎంత?

ఆయన బాస్ 1962 నాటి ఫెండర్ జాజ్. దాని ఫ్రెట్లు పీకేసి, ఆ సందులు పూడ్చి, పైన పడవలకు పూసే ఎపాక్సీ పూత వేశారు. అది సోకు కోసం కాదు. ఆయన వేసేవి రోటోసౌండ్ రౌండ్‌వౌండ్ తీగలు, అంటే గుండ్రటి తీగ చుట్టిన గరుకువి, వాటి గరుకుకు ఉత్త చెక్క తొందరగా అరిగిపోతుంది. ఆ గట్టి పూత మీద గరుకు తీగ కదులుతుంటే 'మ్వా' అని సాగుతూ విచ్చుకునే ఆ పలుకు వస్తుంది. ఆపైన, తీగలు కిందివైపు ఆనే బ్రిడ్జ్ దగ్గరున్న వెనక పికప్‌నే (తీగ కదలికను శబ్దంగా అందుకునే భాగం) ఎక్కువగా వాడేవారు, కుడిచేతి వేళ్లతో కూడా దాదాపు దాని మీదే మీటేవారు. ఇక ఆ ఊపిరాడనివ్వని వేగం, స్వరానికి స్వరానికి మధ్య తీగని అణిచిపట్టి తీసే టక్ టక్ దెబ్బలు, అవన్నీ వేళ్లవే. 1976లో వచ్చిన తొలి ఆల్బమ్‌లో ఆయన దాదాపు హార్మోనిక్స్‌తోనే (తీగని నొక్కకుండా తాకి తీసే గంటలాంటి స్వరాలు) కట్టిన సోలో ఒకటి ఉంది. హార్మోనిక్స్ ఫ్రెట్లున్న బాస్ మీదా పలుకుతాయి, మీ బాస్ మీద కూడా.

మరి మీ ప్రెసిషన్ మీద రానిదేంటంటే, ఆ ఫ్రెట్‌లెస్ సాగుడు రాదు, ఎంత కష్టపడినా రాదు. దానికి ఉన్నది నడుమన ఒకటే పికప్ కాబట్టి వెనక పికప్ గొంతు కూడా పూర్తిగా రాదు. మిగతాదానికి చాలా దగ్గరికి పోవచ్చు. కొత్త రౌండ్‌వౌండ్ తీగలు వేసి, టోన్ నాబ్ పూర్తిగా తెరిచి, కుడిచెయ్యి బ్రిడ్జ్ పక్కకు తెచ్చి ఒకే స్వరాన్ని మళ్లీ మళ్లీ మీటుతూ మెల్లగా నెక్ వైపు జరగండి. బ్రిడ్జ్ దగ్గర ముక్కుతో పలికినట్టు బిగువుగా ఉన్న స్వరం నెక్ దగ్గరికొచ్చేసరికి గుండ్రంగా, బరువుగా అయిపోతుంది. చెయ్యి జరిగింది జానెడే, శబ్దం మాత్రం వేరే బాస్ తీసుకున్నంతగా మారిపోతుంది. దీని మీద కొన్నాళ్లు గట్టిగా కూర్చోండి. అప్పటికీ ఆ సాగుడు కోసమే ప్రాణం కొట్టుకుంటుంటే మీకు నిజంగానే ఫ్రెట్‌లెస్ కావాలి, సందేహం లేదు.

అప్పుడు కూడా ప్రెసిషన్ అమ్మొద్దనే అంటాను, గట్టిగానే అంటాను. ఫ్రెట్లున్న బాస్ మీద వేలు ఫ్రెట్‌కి కాస్త వెనక నొక్కితే సరిపోతుంది, స్వరాన్ని ఫ్రెట్టే చూసుకుంటుంది. ఫ్రెట్‌లెస్ మీద వేలికొస సరిగ్గా ఫ్రెట్ ఉండాల్సిన గీత మీదే పడాలి, వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా శ్రుతి తప్పింది మీ బ్యాండ్ మొత్తానికి తెలిసిపోతుంది. చెవి, వేలు కుదిరేదాకా ప్రోగ్రాముల్లో వాయించడానికి మీకు పాత బాస్ కావాలి. గీతలున్న ఫ్రెట్‌లెస్‌తోనే మొదలుపెట్టండి, గీతల్లేనిది నేర్చుకునేవాళ్లకు అనవసరపు టెన్షన్.

ఇంకో సంగతి. ప్రెసిషన్ చప్పగా ఉందని రాశారు కదా, అమెరికా సోల్ సంగీత కంపెనీ మోటౌన్ రికార్డుల వెనకున్న బాసిస్ట్ జేమ్స్ జేమర్సన్ని వినండి. ఆయనదీ 1962 నాటి ఫెండరే, కాకపోతే ప్రెసిషన్. లావుపాటి, నున్నగా ఉండే ఫ్లాట్‌వౌండ్ తీగలు, తెగితే తప్ప మార్చేవారు కాదు, బ్రిడ్జ్ కవర్ కింద ఫోమ్ ముక్క, మీటేది ఎక్కువగా ఒక్క చూపుడు వేలితోనే. అంతకుముందు నిలబెట్టి వాయించే పెద్ద బాస్ వాయించిన చెయ్యి అది, ఆ అలవాటు ఎలక్ట్రిక్ మీదకీ వచ్చేసింది. ఒకే కంపెనీ, ఒకే ఏడాది, అయినా జాకోకీ ఈయనకీ పోలికే లేదు! బాసిస్ట్ పీనో పల్లడీనో కథ ఇంకా బాగుంటుంది. 1980లలో ఫ్రెట్‌లెస్ స్టింగ్‌రే బాస్‌తో పేరు తెచ్చుకున్న మనిషి, 2000లో సోల్ గాయకుడు డి ఏంజెలో ఆల్బమ్‌కి వచ్చేసరికి పాత ప్రెసిషన్, ఫ్లాట్‌వౌండ్ తీగలతో వాయించారు, అందులో జేమర్సన్ నీడ స్పష్టంగా వినిపిస్తుంది. మీరు వెళ్లాలనుకుంటున్న దారికి సరిగ్గా ఎదురుదారిలో వచ్చారన్నమాట. ఏదీ అమ్మొద్దనడానికి నాకు ఇంతకంటే మంచి కారణం దొరకదు.

ప్రశ్న: నాకు పాల్ మెకార్ట్నీ వయొలిన్ ఆకారపు హాఫ్నర్ అంటే ప్రాణం. నిజం చెప్పాలంటే శబ్దం కంటే దాని అందమే ఇష్టం. అందం చూసి కొనడం తప్పా?

జవాబు: మెకార్ట్నీ కూడా కొంతవరకు అందం చూసే కొన్నారు! 1961లో హాంబర్గ్‌లో ఉన్నప్పుడు ఫెండర్ కొనే స్తోమత లేదు, హాఫ్నర్ 500/1 సుమారు 30 పౌండ్లకు వచ్చింది. ఎడమచేతి వాటం మనిషి కాబట్టి, రెండువైపులా ఒకేలా ఉండే ఆ ఆకారం తిప్పి పట్టుకున్నా ఎబ్బెట్టుగా కనపడదని ముచ్చటపడ్డారు. గోడ మీద చూసినప్పుడల్లా చేతిలోకి తీసుకోవాలనిపించే బాస్‌నే మనం ఎక్కువసేపు వాయిస్తాం, ఆ రకంగా అందం కూడా పనికొచ్చే గుణమే. కాకపోతే కొనేముందు నిలబడి, పట్టీ వేసుకుని వాయించి చూడండి. లోపల బోలుగా ఉండే తేలికైన శరీరం, పొట్టి స్కేల్ (తీగ పలికే పొడవు), మెత్తగా దడ్ దడ్‌మనే శబ్దం. పెద్ద యాంప్ ముందు శబ్దం పెంచితే ఫీడ్‌బ్యాక్ కూయడం మొదలవుతుంది. మీ బ్యాండ్ గట్టిగా వాయించే మెటల్ బ్యాండ్ అయితే ఇది మిమ్మల్ని ఏడిపిస్తుంది. పాత పాప్, మెత్తని పాటలు అయితే నిశ్చింతగా కొనండి.

ప్రశ్న: నా చేతులు చిన్నవి. నాకు ఇష్టమైనవాళ్లంతా పెద్ద పెద్ద బాస్‌లు వాయిస్తారు. పొట్టి స్కేల్ కొంటే నన్ను చిన్నచూపు చూస్తారా?

జవాబు: ఎవరూ చూడరు, చూసినా పట్టించుకోవద్దు. రోలింగ్ స్టోన్స్ బిల్ వైమన్ చేతులు చిన్నవే, ఎక్కువగా పొట్టి స్కేల్ బాస్‌లతోనే ఆ బ్యాండ్‌ని మోశారు. క్రీమ్ రోజుల్లో జాక్ బ్రూస్ పట్టింది పొట్టి స్కేల్ గిబ్సన్ ఈబీ-3, ఆయన శబ్దం పలచన అని ఎవరైనా అనగలరా? మామూలు బాస్ స్కేల్ 34 అంగుళాలు, పొట్టిది 30. ఆ తేడా మొదటి నాలుగు ఫ్రెట్ల దగ్గర బాగా తెలుస్తుంది, వేళ్లు చీల్చినట్టు చాపాల్సిన పని తగ్గుతుంది. ఒకవేళ 34 అంగుళాల మీదే మనసుంటే జాజ్ బాస్ నెక్ పట్టుకుని చూడండి, నట్ (నెక్ చివర తీగలు ఆనే పట్టీ) దగ్గర వెడల్పు 38 మిల్లీమీటర్లే కాబట్టి చాలా ప్రెసిషన్‌ల కంటే సన్నగా ఉంటుంది. పొట్టి స్కేల్ తీసుకుంటే మాత్రం తీగలు కూడా దానికి సరిపోయేవే అడగండి. పొడుగు తీగలు కత్తిరించి వేస్తే లావుపాటి భాగం మెషిన్ హెడ్ (శ్రుతి చేసే మర) చుట్టూ చుట్టుకోవాల్సి వచ్చి, తీగ సరిగ్గా కూర్చోదు.