డాక్టర్ సలహా: 27 వస్తువుల లిస్టు పంపారు.. బిడ్డ పుట్టకముందే ఏవి కొనాలి?

ప్రశ్న: నాకు 25 ఏళ్లు. తొలి కాన్పు. ఎనిమిదో నెల నడుస్తోంది, అక్టోబర్ రెండో వారంలో డేట్ ఇచ్చారు. అత్తవారిది ఆమదాలవలస. పురిటికి పుట్టింటికి, వజ్రపుకొత్తూరు మండలంలోని పల్లెకు వచ్చాను. మా ఆయనది హైదరాబాద్‌లో ఉద్యోగం. ఆన్‌లైన్‌లో చూసి 27 వస్తువుల లిస్టు పంపారు, అన్నీ కలిపితే 38 వేలు దాటుతోంది. మా అత్తయ్యేమో బిడ్డ భూమ్మీద పడకముందు జానెడు గుడ్డ కూడా కొనకూడదంటున్నారు. ఇద్దరి మధ్య నాకు టెన్షన్‌గా ఉంది. నిజంగా ఏం కావాలి డాక్టర్ గారూ?
- ఓ పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీ ఆయన పంపిన లిస్టు రెండుసార్లు చదివానమ్మా. స్ట్రోలరు, వాకరు, పాల సీసాలు ఆరు, ఆ సీసాలు ఉడికించే మిషను, వాటిని వెచ్చబెట్టే ఇంకో మిషను, తల గుండ్రంగా రావడానికి ఆవాల దిండు, స్నానానికి టబ్బు, టబ్బులో తేలడానికి బాతు బొమ్మ. ఇరవై ఏడింటిలో మొదటి నెల అక్కరకొచ్చేవి ఏడెనిమిది. రెండు వందల లోపు దొరికే డిజిటల్ థర్మామీటరు మాత్రం అందులో లేదు. దోమతెర కూడా లేదు.

ముందు అత్తయ్యగారి సంగతి. ఆవిడ మాటను మూఢనమ్మకమని కొట్టిపారేయకండి. ఆ తరంలో పురిట్లోనే బిడ్డ పోయిన ఇల్లు వీధికొకటి ఉండేది. తెచ్చిపెట్టుకున్న చొక్కా తొడిగేవాళ్లు లేక మిగిలిపోతే చూడలేక పుట్టిన మాట అది. నేనైతే ఆ మాటతో గొడవకు దిగను. ఎందుకంటే మీకు కొనాల్సిన వాటికన్నా ఉతికి పెట్టుకోవాల్సినవే ఎక్కువ. పాత చీరలు ఉతుక్కుంటానంటే ఏ అత్తగారూ అడ్డు చెప్పరు.

గుడ్డల లెక్క చెబుతాను. పాలు సరిపోతున్న బిడ్డ అయిదో రోజు దాటాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది సార్లయినా మూత్రం పోస్తుంది, కొందరు ఇంకా ఎక్కువే. విరేచనాలు వేరే. అంటే రోజుకు పది, పన్నెండు గుడ్డలు మారతాయి. ఎండాకాలమైతే పొద్దున ఉతికినవి మధ్యాహ్నానికి ఆరిపోతాయి. మీది అక్టోబర్. ముసురు పట్టిందంటే తీగ మీద గుడ్డ రెండు రోజులు వేలాడుతుంది. కాబట్టి కనీసం ముప్పై ముక్కలు ఉండాలి. అయిదున్నర మీటర్ల నూలు చీరను మూరకు కాస్త ఎక్కువ ఉండేలా చదరంగా కోస్తే ఇరవై ముక్కలు వస్తాయి. మీ అమ్మగారివి బాగా నలిగిన నూలు చీరలు రెండు చాలు. మా అబ్బాయి పుట్టినప్పుడు మా అమ్మ తాతగారి పొందూరు పంచెలు రెండు చింపింది. అంత మెత్తటి గుడ్డ ఆ తర్వాత ఏ బేబీ షాపులోనూ నా చేతికి తగల్లేదు. వేడినీళ్లలో ఉతికి, ఎండలో ఆరేసి, మడతలు పెట్టి మూత ఉన్న డబ్బాలో ఉంచండి. ఆరని గుడ్డలకు సాంబ్రాణి పొగ వేసే అలవాటు ఉంటే మానేయండి. ఆ పొగ పోయేది పసిబిడ్డ ఊపిరితిత్తుల్లోకే. ఇస్త్రీ పెట్టె చాలు.

ఒక జాగ్రత్త. చింపిన గుడ్డల అంచులు మడిచి కుట్టించండి. ఓసారి ఇరవై రోజుల బిడ్డను తెచ్చారు. రాత్రంతా ఒకటే ఏడుపు. కడుపునొప్పని గ్రైప్ వాటర్ పట్టారు, దిష్టి అని ఉప్పు తిప్పారు. పొట్ట చూశాను, చెవులు చూశాను, ఏమీ లేదు. చివరికి కాలి మేజోడు తీస్తే మూడో వేలు నేరేడు పండులా ఉంది. మేజోడు లోపల ఊడిన దారం వేలికి రెండు చుట్లు బిగుసుకుపోయింది. భూతద్దం పెట్టుకుని కత్తెర కొనతో దాన్ని తెంపేసరికి నా వీపంతా చెమటే. వేలు దక్కింది. అప్పట్నుంచి చేతి తొడుగులు, మేజోళ్లు ఏవి తెచ్చినా తిరగేసి దారాలు కత్తిరించాకే తొడగమని అందరికీ చెబుతున్నాను. కారణం తెలియకుండా బిడ్డ ఆగకుండా ఏడుస్తుంటే కాలి వేళ్లు, చేతి వేళ్లు విప్పి చూడండి. మగబిడ్డయితే అంగం దగ్గర కూడా చూడాలి.

ఇక కొనాల్సినవి. ముందు వైపు ముడులుండే నూలు జుబ్బాలు ఆరు, టోపీలు రెండు, మేజోళ్లు రెండు జతలు, పరుపు తడవకుండా కింద వేసే రబ్బరు షీటు ఒకటి, గొడుగులా తెరుచుకునే దోమతెర, థర్మామీటరు, అతిచిన్న సైజు డైపర్ల చిన్న ప్యాకెట్ ఒకటి. డైపర్లు నెలకు సరిపడా ఆఫర్లో కొనకండి. బిడ్డ ఎదుగుతుంది, సైజు మారిపోతుంది. ప్రయాణానికి, మరీ తప్పని రాత్రికి వాడితే చాలు. మూడు నాలుగు గంటలకోసారి మార్చాలి, విరేచనమైతే వెంటనే. తుడవడానికి గోరువెచ్చటి నీళ్లు, దూది. వైప్స్ అవసరం లేదు.

దోమతెర మన జిల్లాలో అలంకారం కాదు. కాయిల్ పొగతో పోల్చితే వెయ్యి రెట్లు మేలు. ప్రభుత్వాసుపత్రిలో కాన్పయ్యేట్టయితే బేబీ కిట్ ఇస్తున్నారా, అందులో ఏమేం ఉంటాయి అని మీ ఆశా కార్యకర్తను ముందే అడగండి. తెర అందులో ఉంటే మీకు కొనే పని తప్పుతుంది.

థర్మామీటరు ఎందుకంటే, పసిబిడ్డకు జ్వరం వచ్చిందో లేదో చెయ్యి పెట్టి చెప్పడం మా వల్లే కాదు. చంకలో పెట్టి చూస్తే 97.7 నుంచి 99.5 డిగ్రీల మధ్య ఉండాలి. 99.5 దాటితే కప్పిన గుడ్డలు తగ్గించి పావుగంట తర్వాత మళ్లీ చూడండి. తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. 100.4 ఉంటే మాత్రం రెండోసారి చూసేదాకా కూడా ఆగొద్దు, బయల్దేరండి. ఒళ్లు చల్లబడి 97.7 కన్నా తగ్గితే బిడ్డను మీ ఛాతీకి ఆనించి పైన దుప్పటి కప్పండి. కాసేపటికీ వెచ్చబడకపోయినా, పాలు తాగడం మానేసినా రాత్రయినా సరే డాక్టర్‌కి చూపించాలి. స్వెటర్లు రెండు మూడు కొనాలని లిస్టులో ఉంది. అక్టోబర్‌లో ఉక్కపోతే కదా! ఒకటి చాలు, అదీ డిసెంబర్‌కి.

పాల సీసాల దగ్గర నేను కాస్త గట్టిగా మాట్లాడతాను. ఆరు కాదు, ఒక్కటి కూడా కొనొద్దు. పాల సీసాలకు, డబ్బా పాలకు ప్రకటనలు ఇవ్వకూడదని 1992లోనే చట్టం చేశారు, 2003లో దాన్ని ఇంకా బిగించారు. ఊరికే చేయలేదు. సరిగా శుభ్రం కాని పాలపీకతో వాంతులు, విరేచనాలు పట్టుకుని వచ్చే బిడ్డల్ని మేం ఇప్పటికీ చూస్తున్నాం. పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టాలి. మొదటి రెండు మూడు రోజులు పాలు చెంచాల లెక్కనే వస్తాయి, బిడ్డ పొట్టకు అంతే కావాలి. కానీ చూసేవాళ్లకు కంగారు. ‘దీనికి పాలు పడలేదర్రా’ అని ఒకరంటారు. సీసా ఇంట్లో ఉంటే చాలు, మూడో రోజు రాత్రికి ఎవరో ఒకరి చేతిలోకి వచ్చేస్తుంది. ఏ కారణం వల్లో పిండిన పాలు పట్టాల్సి వస్తే మన ఉగ్గుగిన్నె ఉండనే ఉంది. నీళ్లలో మరిగిస్తే సగం పని అయిపోయినట్టే, సందులేమీ ఉండవు కదా. మీ అమ్మమ్మ గారింట్లో అటక మీద ఒకటి ఉండే ఉంటుంది, దింపించండి. బ్రెస్ట్ పంపు ఇప్పుడే వద్దు. అవసరమో కాదో కాన్పయ్యాక డాక్టర్ చెబుతారు.

వాకరు అసలే వద్దు. కెనడాలో 2004 నుంచి వాటి అమ్మకమే నిషేధం. మన ఇళ్లలో గడప దగ్గర, మెట్ల దగ్గర బోల్తా పడతాయి. దానివల్ల నడక త్వరగా రాదు, ఆలస్యం కావచ్చు కూడా. స్ట్రోలరు మీ ఊరి రోడ్ల మీద నడుస్తుందేమో మీరే చూసుకోండి. నాకు తెలిసిన ఒకాయన ఎంతో ముచ్చటపడి కొన్నాడు. ఇప్పుడది వాళ్ల వరండాలో ఉల్లిపాయల బండి.

ఆవాల దిండు కూడా తీసేయండి. బిడ్డను వెల్లకిలా, మరీ మెత్తగా లేని చదునైన పక్క మీద పడుకోబెట్టాలి. తల కింద దిండు వద్దు, పక్కన బొమ్మలు, లావు దుప్పట్లు వద్దు. పలచటి బొంత ఒకటి చాలు. చీర ఉయ్యాల వేసుకోవచ్చు కానీ ఎవరో ఒకరు చూస్తుండగానే. అందులో రాత్రంతా వదిలేయొద్దు, మెడ వంగి ఊపిరి ఇబ్బంది కావచ్చు.

లిస్టులో లేకపోయినా చూడ్డానికి వచ్చేవాళ్లు తెచ్చేవి కొన్నుంటాయి. పౌడరు డబ్బా, కాటుక, తేనె. పౌడరు పీలిస్తే మంచిది కాదు. కాటుకలో సీసం ఉండే ప్రమాదముంది, కళ్లకు పెట్టొద్దు. దిష్టి చుక్క పెట్టాల్సిందేనని పెద్దవాళ్లు పట్టుబడితే అరికాల్లో పెట్టి మేజోడు తొడిగేయండి, అందరూ సంతోషిస్తారు. తేనె ఏడాది నిండేదాకా నాలుకకు రాయొద్దు. బొడ్డుకు నూనె, పసుపు, బూడిద ఏదీ పూయకుండా పొడిగా వదిలేయండి, దానంతటదే రాలిపోతుంది. ముక్కులో, చెవుల్లో నూనె పోయొద్దు. ఒంటికి కొబ్బరి నూనె మెత్తగా రాస్తే తప్పులేదు. మొదటి స్నానం కనీసం 24 గంటలు గడిచాకే.

ఇప్పుడు మీ సంచి. అందరూ బిడ్డ సంచే సర్దుతారు, తల్లి సంచి మర్చిపోతారు. జిప్పు నైటీలు మూడు, మెటర్నిటీ ప్యాడ్లు, నూలు లోదుస్తులు, తువ్వాలు, చెప్పులు, ఫ్లాస్కు, గ్లాసు, ఫోన్ ఛార్జరు. ఒక ప్లాస్టిక్ కవర్లో మాతా శిశు సంరక్షణ కార్డు, స్కానింగ్ రిపోర్టులు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్. బ్లడ్ గ్రూపు కాగితం పైన కనబడేలా ఉంచండి. మీది నెగిటివ్ గ్రూపయ్యి, బిడ్డది పాజిటివ్ అని తేలితే 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ పడాలి. మీ గ్రూపు రక్తం ఇవ్వగల ఇద్దరి ఫోన్ నంబర్లు రాసి పెట్టుకోండి. తొలి కాన్పుకు మాతృ వందన యోజన కింద 5,000 రూపాయలు వస్తాయి. అంగన్‌వాడీలో మీ పేరు నమోదైందో లేదో కనుక్కోండి. బిడ్డకు పుట్టగానే వేయాల్సిన బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి టీకా, విటమిన్-కె ఇంజెక్షన్ పడ్డాయా అని డిశ్చార్జి ముందు అడగండి. విటమిన్-డి చుక్కలు డాక్టర్ రాసిస్తారు, ముందే కొనక్కర్లేదు.

మీ డేట్ చూడగానే నాకు ఇంకోటి గుర్తొచ్చింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను తీరం దాటింది మీ వైపే. చెట్లు పడి దారులు మూసుకుపోయాయి, ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అందుకని సంచిలో టార్చి, నిండుగా ఛార్జి చేసిన పవర్ బ్యాంకు, రెండు మూడు వేలు నోట్లు వేయండి. కరెంటు, నెట్ లేకపోతే ఫోన్‌పే పనిచేయదు. తుపాను హెచ్చరిక వస్తే కాన్పు దగ్గరపడ్డవాళ్లను ముందే ఆసుపత్రికి తరలిస్తారు. ఏఎన్‌ఎం వచ్చి పిలిస్తే నొప్పులు రాలేదు కదా అని ఇంట్లో ఉండిపోకండి. గాలి మొదలయ్యాక 108 కూడా రాలేకపోవచ్చు.

అన్నీ కలిపితే నా లెక్కకు అయిదు వేలు దాటవు. జుబ్బాలు, టోపీలు ఏ షాపులో కొనాలో చూసి పెట్టుకుని, బిడ్డ పుట్టాక మీ తమ్ముడినో నాన్నగారినో పలాస బజారుకు పంపినా గంటలో వచ్చేస్తాయి. అత్తయ్యగారి మాటా నిలబడుతుంది. మొదటి రోజుకు ఉతికిన చీర ముక్కలు చాలు.

మీ ఆయనకు మాత్రం ఒకటి చెప్పండి. ఆ 38 వేల ముచ్చట పక్కన పెట్టి ముందు సెలవు అడగమనండి. రాత్రి రెండింటికి గుడ్డ మార్చడానికి, మీకు మంచినీళ్లు అందించడానికి, చూడ్డానికి వచ్చినవాళ్లను నవ్వుతూ గుమ్మం దగ్గరే కూర్చోబెట్టడానికి మొదటి రెండు వారాలు ఆయన అక్కడ కావాలి. అక్టోబర్ అంటే దసరా రద్దీ కూడా. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు కాబట్టి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో పలాసకు బెర్తు ఈ రోజే చూసుకోమనండి.